టార్చిలైటు కొనేవారికి తలకిందుల సలహాలు

టార్చిలైటు కొనబోయేవారికి నేను చెప్పే మొదటి మాట, తక్కువ వెలుగున్నది కొనమని. విన్నవాళ్లు వింతగా చూస్తారు. చీకట్లో చూడటానికే కదా లైటు, ఎంత ఎక్కువ వెలిగితే అంత మంచిది కదా అంటారు. దుకాణంవాడూ అదే అంటాడు, పక్కింటాయనా అదే అంటాడు, పెట్టె మీద అచ్చేసిందీ అదే. కాబట్టి ఇక్కడ నేను రాసే సలహాలు మొదటిసారి చదివినప్పుడు తలకిందులుగానే కనిపిస్తాయి. అయినా ఒక్క మాట కూడా వేళాకోళానికి రాయడం లేదు. రాత్రిపూట పొలానికి వెళ్లే మనిషికీ, తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేని ఇంటికీ, అర్ధరాత్రి లేచి పెరట్లోకి వెళ్లే పెద్దవాళ్లకీ బ్యాటరీ లైటు ఆటవస్తువు కాదు. అవసరం పడ్డ నిమిషంలోనే అది ఆరిపోయేలా తయారుచేసి, పెట్టె మీద మాత్రం పెద్ద పెద్ద అంకెలు వేసి అమ్మేవాళ్లను తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. ఆ కోపంతోనే రాస్తున్నాను.

పెద్ద అంకె ఉన్న పెట్టెను తిరిగి ఇచ్చేయండి

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచి చిన్న టౌన్ల బస్టాండు పక్క కొట్ల దాకా ఎక్కడికి వెళ్లినా ఆ పెట్టె ఒకటే. నల్లటి అట్ట, మీద మెరిసే అక్షరాలు, 1,00,000 ల్యూమెన్లు అని ఒక మూల, 9900 ఎంఏహెచ్ అని ఇంకో మూల, మధ్యలో కొండను తాకుతున్న కాంతి బొమ్మ. కొట్టాయన బటన్ నొక్కి పైకప్పు మీదికి కొడతాడు. కళ్లు జిగేల్‌మంటాయి. మనం డబ్బులు తీస్తాం.

ఆ డబ్బులు తీసేముందు ఒక చిన్న లెక్క వేయండి. లైటులోంచి బయటికి వచ్చే మొత్తం వెలుగుకు కొలత ల్యూమెన్. కొవ్వొత్తి ఇచ్చేది సుమారు 12 ల్యూమెన్లు. మన ఇంట్లో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఇచ్చేది సుమారు 900. ఈ ముక్క బల్బు పెట్టె మీదే ఉంటుంది, తిప్పి చూడండి. అంటే మామూలు ఎల్ఈడీలకు ఒక్క వాటుకు దాదాపు 100 ల్యూమెన్లు. మంచి టార్చిల్లో ఇది 150 దాకా పోవచ్చు, దాన్ని మించి లెక్క వేసుకోవలసిన పని లేదు. ఇప్పుడు లక్ష ల్యూమెన్లు కావాలంటే ఎన్ని వాట్లు? వెయ్యి. ఇస్త్రీ పెట్టె తాగేంత కరెంటు. గుప్పిట్లో పట్టే లైటు అంత కరెంటు తాగితే అందులో పెద్ద వాటా వేడిగానే మారుతుంది, చెయ్యి నిలవదు.

సరే, వేడి సంగతి పక్కన పెట్టి బ్యాటరీ చూద్దాం. ఇలాంటి లైట్లలో ఎక్కువగా వాడేది 18650 అనే లిథియం సెల్లు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, అందుకే ఆ పేరు. మంచి కంపెనీలవి 2000 నుంచి 3600 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే కరెంటుకు కొలత) మధ్య ఉంటాయి. మేలైన సెల్లు, 3500 అనుకుందాం. దాన్ని వోల్టేజి 3.6తో గుణించి వెయ్యితో భాగిస్తే సుమారు 12.6 వాట్ అవర్లు. వెయ్యి వాట్ల లైటుకు అది ఎంతసేపు వస్తుంది? ముక్కాలు నిమిషం. అసలు అంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వడం ఆ సెల్లు వల్ల కానే కాదు. ఇక ఆ సైజు సెల్లు మీద 9900 అని రాసి ఉంటే, పెట్టె మీద మిగతా రాతల సంగతి చదవక్కర్లేదు. ఒక అబద్ధం దొరికింది చాలు.

అనుమానం ఇంకా తీరకపోతే సెల్లు బయటికి తీసి కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టించండి. అసలైన 18650 సెల్లు 45 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. బాగా తేలిగ్గా, ముప్పై దగ్గర ఆగితే లోపల సరుకు లేదని అర్థం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అబద్ధపు అంకె వల్ల పోయేది డబ్బులే అయితే ఊరుకునేవాణ్ణి. ఆ అంకెను నమ్మి మనిషి చీకట్లోకి నడుస్తాడు.

వాట్లు చెప్పే లైటును కూడా వదిలేయండి. వాటు అంటే తాగే కరెంటు, ఇచ్చే వెలుగు కాదు. 500 వాట్ల టార్చి అని గొప్పగా రాసినవాడు దాన్ని తిట్టుకుంటున్నట్టే లెక్క. లక్స్ (ఒక చోట మీద పడే వెలుగుకు కొలత) అని రాస్తే ఎంత దూరంలో కొలిచారో చెప్పమనండి. దూరం చెప్పని లక్స్‌కు అర్థం లేదు. మీటరు దూరంలో కొలిచినప్పుడు పెద్దగా కనిపించే అంకె, పది మీటర్ల దగ్గర నూరో వంతు అవుతుంది.

ఎంత వెలుగని అడగొద్దు, ఎన్ని నిమిషాలని అడగండి

నమ్మకంగా అంకెలు చెప్పే కంపెనీలు ఎఫ్ఎల్ 1 అనే అమెరికా ప్రమాణం ప్రకారం కొలుస్తాయి. 2009లో వచ్చింది, తర్వాత కొన్నిసార్లు సవరించారు. పెట్టె మీద చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి: వెలుగుకు ఒకటి, గడియారం ఒకటి, దూరానికి ఒకటి, నీటికి ఒకటి. ఈ బొమ్మలుంటే కనీసం అందరూ ఒకే పద్ధతిలో కొలిచారని అనుకోవచ్చు. అయితే ఆ పద్ధతి ఏమిటో తెలుసుకోకుండా ఆ అంకెల్నీ నమ్మొద్దంటాను.

ఈ ప్రమాణంలో ల్యూమెన్లు కొలిచేది లైటు వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు. ఆ తర్వాత ఏమైందో దానితో ఆ అంకెకు సంబంధం లేదు. వెలిగే సమయం ఎలా కొలుస్తారంటే, మొదటి 30 సెకన్ల దగ్గరున్న వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా. అంటే 1000 ల్యూమెన్లు, 3 గంటలు అని రాసిన లైటు రెండు మూడు నిమిషాలు వెయ్యి ఇచ్చి, వేడెక్కగానే తనంతట తాను 300కు దిగి, మిగతా సమయమంతా అక్కడే ఉండి, చివర్లో నూరు దాకా వాలిపోవచ్చు. పెట్టె మీద రాసింది అబద్ధం కాదు. కానీ మీరు కొన్నది వెయ్యి ల్యూమెన్ల లైటని మీరు అనుకున్నారే, అది మాత్రం నిజం కాదు. మీరు కొన్నది 300 ల్యూమెన్ల లైటు.

వేడెక్కితే తగ్గడం తప్పు కాదు, తగ్గకపోతేనే ప్రమాదం. లోపలి ఎల్ఈడీని, సెల్లును, మీ చేతిని కాపాడటానికే ఆ ఏర్పాటు. నేను కోరేది ఒకటే: తగ్గాక ఎంత ఉంటుందో చూసి కొనండి. మంచి కంపెనీలు సమయం పొడవునా వెలుగు ఎలా మారుతుందో గీత గీసి వేస్తాయి. ఆ గీత ఎక్కువసేపు ఎక్కడ సమంగా నడుస్తుందో అదే ఆ లైటు అసలు వెలుగు.

గీత దొరకకపోతే ఇందాకటి లెక్కే దిక్కు. 2600 ఎంఏహెచ్ సెల్లు అంటే దాదాపు 9 వాట్ అవర్లు. వాటుకు నూరు చొప్పున అది మొత్తం మీద ఇవ్వగలిగింది ఒక గంటపాటు 900 ల్యూమెన్లు, లేదా మూడు గంటలపాటు 300, లేదా తొమ్మిది గంటలపాటు 100. తక్కువ వెలుగులో ఎల్ఈడీ కాస్త పొదుపుగా పనిచేస్తుంది కాబట్టి ఆ చివరిది ఇంకొంచెం ఎక్కువే రావచ్చు. ఎవరేం రాసినా ఈ ఖజానా దాటి ఖర్చు పెట్టలేరు. 2600 సెల్లుతో రెండు వేల ల్యూమెన్లు పది గంటలు అని చెప్పేవాణ్ణి ఏమీ అడగక్కర్లేదు, లేచి వచ్చేయండి.

అందుకే లైటు చేతిలోకి తీసుకోగానే అన్నిటికంటే చిన్న మోడ్ ఎంతో కనుక్కోండి. కొనేవాళ్లలో నూటికి తొంభై మంది అడగని ప్రశ్న ఇది. 5 ల్యూమెన్లో, 20 ల్యూమెన్లో ఇచ్చే మోడ్ ఉందా? బటన్ నొక్కగానే మొదట అది వస్తుందా, లేక ముందు కళ్లు పొడిచే మోడ్ వచ్చి, తర్వాత మిణుకుమిణుకుమనే మోడ్ వచ్చి, దాన్ని కూడా దాటాక వస్తుందా? ఆ మిణుకుమిణుకు మోడ్ ప్రతిసారీ దారిలో అడ్డం పడే లైటును నేను ఎవరికీ కొనమని చెప్పను. గట్టు మీద నడుస్తూ వెలుగు తగ్గిద్దామని నొక్కితే ముందు మెరుపులు మెరవాలా?

దూరాన్ని సగానికి కోసుకోండి

500 మీటర్లు అని రాసి ఉంటే 250 అనుకోండి. ఎఫ్ఎల్ 1 ప్రకారం దూరమంటే వెలుగు 0.25 లక్స్‌కు పడిపోయే చోటు. అది దాదాపు నిర్మలమైన రాత్రి ఆరుబయట పడే పున్నమి వెన్నెలంత. అంత దూరంలో ఏదో ఉన్నట్టు తెలుస్తుంది గానీ, అది గేదో మనిషో చెప్పలేరు. సగం దూరానికి వస్తే వెలుగు నాలుగింతలవుతుంది, అప్పుడు కాస్త పనికొస్తుంది. దూరం రెట్టింపు కావాలన్నా అదే లెక్క అడ్డం తిరుగుతుంది: 200 మీటర్లకు 10,000 క్యాండెలాల (ఒకే దిక్కుకు వెళ్లే వెలుగు తీవ్రతకు కొలత) ఫోకస్ చాలు, 400 మీటర్లకు 40,000 కావాలి.

ఇక్కడే ఇంకో సంగతి. దూరం ల్యూమెన్ల వల్ల రాదు, వెలుగును ఎంత సన్నగా కూర్చారన్న దాని వల్ల వస్తుంది. తక్కువ ల్యూమెన్లున్న లైటు లోతైన రిఫ్లెక్టరుతో చెరువు అవతలి గట్టును చూపించగలదు. దానికి అయిదింతలున్న లైటు వెలుగంతా చుట్టూ పరిచేసి యాభై అడుగుల దగ్గరే ఆగిపోవచ్చు. ఏది మంచిదంటే, మీ పని ఏమిటో చెప్పందే చెప్పలేను.

కంటి లెక్క వేరు

రెట్టింపు ల్యూమెన్లు పెట్టి కొంటే కంటికి రెట్టింపు కనిపించదు. వెలుగు విషయంలో మన కన్ను అంత ఉదారంగా లెక్క కట్టదు. 400కీ 500కీ తేడా పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప చాలామందికి తెలియను కూడా తెలియదు. కళ్లకు రెట్టింపని తోచాలంటే నాలుగింతలైనా కావాలి. కాబట్టి నూరు ల్యూమెన్ల తేడాకు ధర పెరిగితే ఆ డబ్బు మంచి సెల్లు మీద పెట్టండి.

పైగా కన్ను చీకటికి అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ అలవాటును ఒక్క గట్టి మెరుపు క్షణంలో చెరిపేస్తుంది. వెయ్యి ల్యూమెన్లు వేసి చుట్టూ చూసి ఆర్పేశాక కాసేపు మీరు గుడ్డివారే. అంతకుముందు లీలగా కనిపించిన గట్టు, కాలువ, చెట్టు మొదలు అన్నీ పోతాయి. తక్కువ వెలుగుతో నడిచినవాడికి ఆ వెలుగు పరిధి బయట ఉన్నది కూడా కొంత కనిపిస్తూనే ఉంటుంది. ఫిలమెంటు బల్బు, రెండు సెల్లులున్న పాత టార్చి ఇచ్చింది పదీ ఇరవై ల్యూమెన్లే. ఊళ్లకు ఊళ్లు ఆ వెలుగులోనే పొలాలకు పోయొచ్చాయి. ఈ రోజు మీ సెల్‌ఫోను వెనకున్న లైటు కూడా అంతకంటే ఎక్కువే ఇస్తుంది.

పెద్దవాళ్ల విషయంలో మాత్రం నా సలహాను నేనే కొంచెం సవరించాలి. వయసు మీద పడేకొద్దీ కంటిపాప మునుపటిలా విచ్చుకోదు, లోపలి కటకం పసుపెక్కుతుంది, లోపలికి చేరే వెలుగు తగ్గుతుంది. వాళ్లకు 10 ల్యూమెన్లు చాలవు. అలాగని తీవ్రమైన ఫోకస్ ఇస్తే, శుక్లాలున్న కంట్లో వెలుగు చెదిరి ముందున్న మెట్టు కూడా కనిపించదు. అమ్మకో నాన్నగారికో కొంటే 100 ల్యూమెన్ల చుట్టూ, వెడల్పుగా పరుచుకునే, కాస్త పసుపు ఛాయ ఉన్న వెలుగు చూడండి. ఒకే బటన్, ఒక్క నొక్కుకు వెలగడం, ఇంకో నొక్కుకు ఆరడం. అంతే. మోడ్లు అయిదుంటే వాళ్లు ఆ లైటును అలమర్లో పెట్టేస్తారు.

ముందుకు కాదు, కాళ్ల దగ్గరికి కొట్టండి

నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. రాత్రిపూట పొలానికి పోయేవాళ్ల కోసం రాస్తున్నాను. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నారు, ఆంధ్రప్రదేశ్‌లో పగలే తొమ్మిది గంటలు ఇవ్వాలన్నారు. అయినా రాత్రి నడక పూర్తిగా ఆగలేదు. కాలువ నీళ్ల వంతు ఏ రెండు గంటలకో వస్తుంది. అడవి పందులు వేరుశనగలో పడతాయి. మోటారు ఆగిపోతుంది.

గట్టు మీద నడిచే మనిషిని దగ్గరగా చూడండి. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో లైటు, లైటు ముప్పై అడుగుల ముందుకు చూస్తోంది. జూమ్ చేసిన ఫోకస్ దూరంగా తెల్లటి గుండ్రటి మచ్చలా పడుతుంది. ఆ మచ్చలో గడ్డిపోచ కూడా కనిపిస్తుంది. ఆ మచ్చకూ అతని పాదాలకూ మధ్యనున్న నేల మాత్రం నల్లగా ఉంటుంది. మచ్చ ఎంత తెల్లగా ఉంటే మధ్య నేల కంటికి అంత నల్లగా అనిపిస్తుంది. మరి కాలు పడేది ఆ నల్లటి చోటే.

కట్లపాము రాత్రి తిరిగే పాము. నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల చారలు. తడిసిన నల్లరేగడి గట్టు మీద అది కనిపించడం చాలా కష్టం. రక్తపింజర అలికిడికి తప్పుకునే రకం కాదు, చుట్ట చుట్టుకుని అక్కడే బుస కొడుతుంది. దాని ఒంటి మీది గోధుమరంగు మచ్చలు ఎండుటాకుల్లో కలిసిపోతాయి. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58,000 మంది. ఎక్కువ మరణాలు ఎనిమిది రాష్ట్రాల్లో ఉన్నాయి, వాటిలో తెలంగాణ కలిసి ఉన్నప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దాదాపు సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపు, అంటే సరిగ్గా మన నాట్ల కాలంలో.

కాబట్టి పొలానికి పోయే లైటుకు ఫోకస్ వద్దు. వెడల్పుగా, మచ్చ లేకుండా, మీ కాలి వేళ్ల నుంచి పది పన్నెండు అడుగుల దాకా సమంగా పరుచుకునే వెలుగు కావాలి. దానికి 100 నుంచి 200 ల్యూమెన్లు పుష్కలం. లైటును కళ్ల ఎత్తున పట్టకండి, తలకు కట్టుకునే లైటుతో వచ్చే ఇబ్బందీ అదే. వెలుగూ చూపూ ఒకే చోటి నుంచి వెళితే నీడలు వస్తువు వెనకాలే దాక్కుంటాయి, నేలంతా చదునుగా కనిపిస్తుంది. చెయ్యి కిందికి వేలాడేసి నడుము కిందనుంచి కొడితే ప్రతి గడ్డకూ, ప్రతి కొమ్మకూ నీడ పక్కకు సాగుతుంది. పాముకు కూడా. ఆ నీడే ముందు కంట పడుతుంది. రెండు చేతులతో పని ఉండి తలలైటు తప్పదంటే పెట్టుకోండి, నడిచేటప్పుడు మాత్రం చేతిలో ఇంకోటి ఉండాలి.

రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెల్ల ఎల్ఈడీ నిజానికి నీలం ఎల్ఈడీ, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. పూత తక్కువ ఉన్నచోట వెలుగు నీలంగా తేలుతుంది, ల్యూమెన్ల లెక్క పెరుగుతుంది. అందుకే చవక లైట్లన్నీ నీలి ఛాయను చెప్పే 6500 కెల్విన్ అంకెను రాసుకుంటాయి. ఆ వెలుగులో ఎరుపు పాలు తక్కువ. గోధుమరంగు బూడిదరంగులా కనిపిస్తుంది, ఎండుటాకుకూ పింజర ఒంటికీ తేడా చెరిగిపోతుంది. 4000 నుంచి 5000 కెల్విన్ మధ్యలో, రంగులు నిజంగా చూపే సీఆర్ఐ 90 పైన ఉన్న లైటు తీసుకుంటే అదే ధరకు ల్యూమెన్లు తక్కువ వస్తాయి. తక్కువే తీసుకోండి. అక్కడ మీరు నష్టపోయింది అంకె, మీకు దక్కింది చూపు.

లైటు ఎంత మంచిదైనా చెప్పులతో వెళ్లకండి. మడమల పైకి వచ్చే బూట్లు వేసుకోండి, కర్రతో నేల తడుతూ నడవండి. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం లాంటివి చేయకుండా, కాలు కదలకుండా నేరుగా విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి.

మంచులో కూడా తక్కువే మేలు. లంబసింగిలో శీతాకాలం తెల్లవారుజామున బయల్దేరేవాళ్లు పెద్ద లైటు వేస్తే ఎదురుగా తెల్లటి గోడ లేస్తుంది. వెలుగు తగ్గించి, లైటును మోకాలి దగ్గరికి దించితే దారి తేలుతుంది. వానలోనూ అంతే.

దుకాణంలో చూసి మురిసిపోకండి

ట్యూబ్‌లైట్ల కింద వెలిగించి చూసిన టార్చి గురించి మీకు తెలిసేది ఏమీ లేదు. ఇంటికి తెచ్చి పరీక్షించండి, వాపసు ఇచ్చే వీలున్నచోటే కొనండి. బాత్రూము తలుపు వేసి దీపం ఆర్పండి. టార్చిని నేల మీద నిలబెట్టి పైకప్పుకు కొట్టండి. వెలుగు కొలిచే ఉచిత యాప్ ఉన్న ఫోనును గూట్లో ఆకాశం చూసేలా పెట్టండి. ఒక నిమిషం దగ్గర ఎంత చూపిందో రాసుకోండి, తర్వాత 5, 15, 30 నిమిషాల దగ్గర. ఫోను చూపే అంకె కచ్చితమైనది కాకపోవచ్చు, అది అక్కర్లేదు. ఒక నిమిషం దగ్గర 80 చూపించి, అయిదో నిమిషానికి 20 చూపిస్తే మీ లైటు తన వెలుగులో ముప్పాతిక వంతు పారేసుకుందని తెలిసిపోతుంది. మీకు తెలిసిన ఇంకో మంచి లైటు పక్కన పెట్టి ఇదే చేస్తే ల్యూమెన్ల అబద్ధం కూడా బయటపడుతుంది. ఈ పరీక్ష చేస్తున్నంతసేపూ లైటును వదిలి వెళ్లకండి, మరీ కాలిపోతుంటే ఆపేయండి.

తుఫాను ఇంటికి మరీ చిన్నది

 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద పడింది. స్తంభాలు ఒరిగిపోయాయి, నగరంలో చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు రాలేదు. అలాంటి రాత్రుల్లో ఇంటికి కావలసింది 20, 30 ల్యూమెన్లే. లైటును నీళ్ల గ్లాసులో కాకుండా ఖాళీ స్టీలు గ్లాసులో నిలబెట్టి తెల్లటి పైకప్పుకు కొడితే అన్నం తినడానికి, మందుల డబ్బా వెతకడానికి ఆ వెలుగు సరిపోతుంది. అది వారం రోజులు రావాలి.

కోస్తాలో ఉండేవాళ్లకు నా సలహా: ఛార్జింగు లైటు ఒక్కదాన్నే నమ్ముకోకండి. కరెంటు లేనప్పుడు అది ఎక్కడ ఛార్జి అవుతుంది? కిరాణా కొట్లో దొరికే పెన్సిలు సెల్లులతో నడిచే లైటు ఒకటి ఇంట్లో ఉండాలి. వెలుగు తక్కువని వెక్కిరించినా సరే. సెల్లులు ఆల్కలైన్‌వి కొనండి, లైటు పక్కనే విడిగా పెట్టండి, లోపల వేసి ఏడాది ఉంచితే కారి స్ప్రింగును తినేస్తాయి. గోడ ప్లగ్గులో పెట్టే పాత రకం ఎమర్జెన్సీ లైటులో లెడ్ బ్యాటరీ ఉంటుంది. అది ఖాళీగా పడి ఉంటే చచ్చిపోతుంది, నెలకోసారి ఛార్జి పెట్టాలి. నీటి విషయంలో ఐపీఎక్స్4 అంటే చినుకులు, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. వరద వచ్చే ఊళ్లో రెండోదే.

పెద్దది నిజంగా కావలసినవాళ్లు

ఉన్నారు, కాదనను. మంచె మీద కూర్చుని పందుల్ని తరిమేవాళ్లు, పడవ మీద రాత్రి వల చూసుకునేవాళ్లు, చెరువులో గల్లంతైనవారిని వెతికేవాళ్లు. వీళ్లకు సన్నటి ఫోకస్, ఎక్కువ క్యాండెలాలు కావాలి. అలాంటి లైటు కొనుక్కోండి. నడిచేది మాత్రం ఆ లైటుతో కాదు, చిన్నది వేరే ఉండాలి. ఎదురొచ్చే మనిషి కళ్లలోకి, బండి నడిపేవాడి మీదికి కొట్టకండి, పిల్లల చేతికి అసలు ఇవ్వకండి.

ఇప్పటికే ఆ లక్ష ల్యూమెన్ల పెట్టె ఇంట్లో ఉందనుకోండి. పారేయక్కర్లేదు. జూమ్ వెనక్కి లాగి వెడల్పు చేయండి, చిన్న మోడ్‌లోనే వాడండి, పైన చెప్పిన బాత్రూము పరీక్ష చేసి అది నిజంగా ఎంతసేపు వెలుగుతుందో ఒక కాగితం ముక్క మీద రాసి లైటుకే అంటించండి, ఇంట్లో ఎవరు తీసుకున్నా తెలుస్తుంది. అందరూ నిద్రపోయాక ఛార్జింగులో వదిలేయకండి. సెల్లు ఉబ్బినట్టుగానీ, పైతొడుగు చిరిగినట్టుగానీ కనిపిస్తే ఇక ఛార్జి పెట్టొద్దు, చెత్తబుట్టలోనూ వేయొద్దు, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చి, కొత్త సెల్లు పేరున్న కంపెనీది, తూకం చూసుకుని కొనండి.